పాముల మీద కప్పిన తువ్వాల

ఆ పొద్దున ఆకాశం బాగా కిందికి దిగింది. ఎదురుగా కడుతున్న టవర్లకు పై సగం లేదు. మబ్బులోంచి క్రేను కొక్కెం ఒక్కటే వేలాడుతోంది. దాని తాడు ఎక్కడి నుంచి వస్తోందో కనపడలేదు. వాన పడేలా లేదు. చలి మాత్రం ఎముకలను పట్టుకుంది.

ఎల్లేశం మిద్దె మీద నిలబడి, చేతులు చంకల్లో పెట్టుకుని ఆ కొక్కేన్ని చూస్తున్నాడు. నల్లగండ్ల పాత ఊరి గల్లీ చివర బండను పగలగొడుతున్నారు. ఒకప్పుడు అతను ఎండపూట గొర్రెలను ఆ బండ నీడకే తోలేవాడు. ఇప్పుడు యంత్రం దాని మీద ఇనుప ముక్కు ఆనించి పొడుస్తోంది. మోత పడినప్పుడల్లా మిద్దె మీది డ్రమ్ములో నీళ్లు వణుకుతున్నాయి.

ఇంట్లో కింద ఎల్లేశం, భార్య కిష్టమ్మ ఉంటారు. నడిమి అంతస్తులో పెద్దకొడుకు మధుకర్, కోడలు పింకీ. మిద్దె మీది గదిలో చిన్నకొడుకు సాయిచంద్. ఇల్లు కట్టిన రోజే ఎల్లేశం చెప్పాడు, పొయ్యి ఒక్కటే ఉండాలని. పింకీ లింగంపల్లి మందుల షాపులో పనిచేస్తుంది. అక్కడే కిరాయికి పోదామని మధుకర్ ఒకటి రెండుసార్లు అడిగాడు. ఎల్లేశం తల అడ్డంగా ఊపాడు. అతను ఎక్కువ మాట్లాడడు. తల ఊపితే అయిపోయినట్టే.

పొయ్యి ఒక్కటే మిగిలింది గానీ పంక్తి మిగల్లేదు. బోనాల నాడు గేటు ముందర ఎవరి బండి పెట్టాలన్న మాట మీద అన్నదమ్ములు కొట్టుకున్నారు. సాయిచంద్ పిడికిలికి మధుకర్ ముందరి పన్ను ఊడి వాకిట్లో పడింది. మధుకర్ ఇటుక తీసుకుని తమ్ముడి చెవి మీద కొట్టాడు. ఆ చెవి ఇప్పటికీ కొంచెం నలిగినట్టే ఉంటుంది. అప్పటి నుంచి ఒకడు తినడానికి వస్తే ఇంకొకడు కంచం వదిలి లేస్తాడు. కిష్టమ్మ రెండుసార్లు కూర వేడి చేస్తుంది. కొడుకులిద్దరూ తన ముందర ఒక్క పూట కలిసి తింటే చాలని ఎల్లేశానికి ఉంది. అంతకు మించి అతనికి ఏదీ అక్కర్లేదు. ఆ మాట కూడా ఎవరితోనూ అనలేదు.

మెట్ల మీద చప్పుడైంది. మధుకర్ పైకి వచ్చాడు. చేతుల్లో ప్లాస్టిక్ డబ్బా, మూతకు చిన్న చిన్న రంధ్రాలు. మిద్దె గది ముందు ఆగాడు.

"తమ్మీ."

బోనాల తర్వాత అతని నోట ఆ మాట రావడం అదే మొదలు. సాయిచంద్ నోట్లో బ్రష్షు పెట్టుకునే బయటికి వచ్చాడు.

"నీ దానికి జోడు తెచ్చిన," అన్నాడు మధుకర్. "ఆడది. బంగారి అని పేరు గూడ పెట్టిన."

సాయిచంద్ గదిలో గోడంత గాజుపెట్టె ఉంది. అందులో ఒక కొండచిలువ. నల్లటి ఒంటి మీద పసుపు పట్టీలు, తివాచీ మీద గీతల్లా. అతను సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరిన కొత్తలో, కాగితాలన్నీ చేయించి తెచ్చుకున్నాడు. పేరు నల్లోడు. విషం లేదు. పళ్లు మాత్రం నోటినిండా వెనక్కి వంగిన సూదుల్లా ఉంటాయి.

సాయిచంద్ నురుగు ఉమ్మి వచ్చి డబ్బా పక్కన గొంతుక్కూర్చున్నాడు. మూత కొంచెం ఎత్తి చూశాడు. లోపలిది నల్లోడి కంటే సన్నం, పసుపు ఎక్కువ. అతని ముఖం మెత్తబడడం ఎల్లేశం చూశాడు.

"మంచిగున్నదన్నా," అన్నాడు సాయిచంద్. "ఆడదని ఎవరు చెప్పిండ్రు?"

"అమ్మినోడే చెప్పిండు. పిల్లప్పుడే చూసిండంట."

"పిల్లప్పుడు తోక కాడ ఒత్తి చూస్తరు. ఒక్కోసారి తప్పు పోతది. సాయంత్రం లింగంపల్లి డాక్టరమ్మ కాడికి తీస్కపోదాం. ఆమె సన్నని సలాకతోని చూసి పక్కాగ చెప్తది. అందాక దీన్ని డబ్బల్నే ఉండని."

మధుకర్ ముఖం మారింది. "అంటే? నేను తెచ్చినదాన్ని చెక్ చేపిస్తవా?"

"నిన్ను గాదన్నా, పామును."

"పెండ్లికి పిల్లను తెచ్చినంక ఎవడన్న దవాఖానకు తోల్కపోయి ఆడపిల్లనేనా అని అడుగుతడా? నా మాటకు గింతేనా ఇజ్జత్?"

"రెండు మగయైతే చంపుకుంటయన్నా. గిది చలికాలం. గిప్పుడే వాటికి మదమెక్కేది. గదే చెప్తున్న."

మధుకర్ పెదవి బిగిస్తే పన్ను లేని చోట లోపలికి లాగింది. సాయిచంద్ తయారై, గదికి తాళం వేసి, ఆ తాళంచెవి తండ్రి చేతిలో పెట్టాడు. "నాయినా, జెర చూస్తుండు. కలపొద్దు" అన్నాడు. బండి తీసుకుని ఆఫీసుకు పోయాడు.

మధుకర్ పోలేదు. డబ్బాను ఒళ్లో పెట్టుకుని మిద్దె మెట్టు మీద కూర్చున్నాడు. కిష్టమ్మ చాయ్ తెచ్చింది. వెనకనే పింకీ వచ్చింది. ఆమెకు ఆ రోజు సెలవు.

"ఏందిరా, పొద్దుగాల్నే దయ్యం పట్టినోని లెక్క కూసున్నవ్?" అంది కిష్టమ్మ.

"ఆనికోసం ఎక్కడికో పోయి తెచ్చిన. డాక్టర్ సర్టిఫికెట్ కావాల్నంట."

"అయ్యో. ఇంటికొచ్చినదాన్ని గుమ్మం బయట నిలబెడ్తరా?"

"పాముకు గృహప్రవేశమా అత్తమ్మా?" అంది పింకీ.

"నువ్వూకో. పాములు జంట కట్టంగ చూసుడంటే మాటలు గాదు. కొత్తగుడ్డ కప్పి దాస్కుంటే కడుపు పండుతది. నాకు పండలేదా?"

"నేను దవాఖానల మందులు మింగుతనే ఉన్న గద. దాని మీద గుడ్డ కూడనా?"

ఎల్లేశం ఆ మాటలు వింటూ మధుకర్‌నే చూస్తున్నాడు. పెద్దోడు బొటనవేలితో డబ్బా మూతను గీకుతున్నాడు. చిన్నప్పుడు కొట్టి పంపితే కూడా గోడను అలాగే గీకేవాడు. అలిగి ఆ డబ్బాను వెనక్కి తీసుకుపోతే ఈ ఇంట్లో 'తమ్మీ' అన్న మాట మళ్లీ పుట్టదు. ఎల్లేశానికి అది తెలుసు. చిన్నోడు చెప్పింది కూడా చెవిలోనే ఉంది. కాసేపు తాళంచెవిని అరచేతిలో తిప్పాడు. తర్వాత మధుకర్ చేతికి ఇచ్చాడు.

మధుకర్ గాజుపెట్టె పైమూత జరిపి డబ్బాను వంచాడు. బంగారి జారి లోపల పడింది. నల్లోడు మూలన చుట్ట చుట్టుకుని ఉన్నాడు. నాలుక బయటపెట్టి తీశాడు. బంగారి గోడ వెంబడి పాకి, అతని ఒంటి మీదుగా మెల్లగా పోయింది. కాసేపు ఏమీ కాలేదు. తర్వాత రెండూ మెడలు ఎత్తాయి. ఒకదాని మెడకు ఒకటి ఆనించి, తాడు పేనినట్టు చుట్టుకుని, పెట్టె మూత దాకా లేచి నిలబడ్డాయి.

"నా తల్లే!" కిష్టమ్మ చేతులు జోడించింది. "తువ్వాల! కొత్త తువ్వాల తేవే పింకీ, నా పెట్టెల ఉన్నది!"

ఎల్లేశానికి జొన్నచేను గట్టు గుర్తుకొచ్చింది. పెళ్లయిన కొత్తలో చూశాడు. రెండు జెర్రిపోతులు మనిషెత్తు లేచి, పెనవేసుకుని, ఊగి, పడి, మళ్లీ లేచాయి. అతను భుజం మీది కొత్త తువ్వాలను వాటి మీదికి విసిరి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చాడు. సాయంత్రం పోయి దులిపి తెచ్చుకున్నాడు. ఆ మరుసటేడు మధుకర్ పుట్టాడు, తర్వాత సాయిచంద్. రెండు కాన్పులకూ కిష్టమ్మ ఆ తువ్వాలను నడుముకు చుట్టుకునే పడుకుంది. అది ఇప్పటికీ ఆమె పెట్టెలో అడుగున ఉంది.

ఒక సంగతి మాత్రం అతనికి కొరుకుడు పడలేదు. నల్లోడు మాటిమాటికీ పైకి పోయి, రెండోదాని తలను తన మెడతో నేలకు వత్తుతున్నాడు. అది జారి తప్పించుకుని ఇతని తలను వత్తుతోంది. సరసం ఇట్లా ఉంటుందా? నోటిదాకా వచ్చింది. అనలేదు.

పింకీ తెచ్చిన కొత్త తువ్వాలను కిష్టమ్మ పాముల మీద కప్పి మూత వేసింది. "ఇగ చూడొద్దు. జంటగున్నప్పుడు చూస్తే పాపం" అని అందరినీ బయటికి నెట్టి తలుపు దగ్గరికి వేసింది.

మధుకర్ నవ్వాడు. పన్ను లేని చోటు కనిపించేలా, పూర్తిగా నవ్వాడు. "తమ్మి వస్తె చూపిస్త. డాక్టరమ్మ అంట, డాక్టరమ్మ" అంటూ కిందికి పోయాడు.

ఎల్లేశం తలుపు పక్కన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. గల్లీ చివర యంత్రం బండను పొడుస్తోంది. ఆ మోతల నడుమ గదిలోంచి కూడా ఏదో మోత వచ్చినట్టు ఉంది. గాజుకు ఏదో తగిలినట్టు. యంత్రం ఆగినప్పుడు చెవి ఒగ్గాడు. తడిగుడ్డను బండకు బాదినట్టు ఒక చప్పుడు. మళ్లీ యంత్రం మొదలైంది. లేచి తలుపు మీద చెయ్యి పెట్టాడు. మిద్దె మీదే బియ్యం ఏరుతున్న కిష్టమ్మ అటు నుంచే కళ్లురిమింది. "సిగ్గు లేదా నీకు, ముసలితనాన?" చెయ్యి తీసేశాడు.

పొద్దు వాలకముందే సాయిచంద్ వచ్చాడు. పాములను డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలని ముందే బయల్దేరినట్టున్నాడు. చేతిలో కొత్త డబ్బా ఉంది. తలుపు ముందు తండ్రీ, తల్లీ కూర్చుని ఉండడం చూసి ఆగాడు. కిష్టమ్మ పెదవుల మీద వేలు పెట్టుకుంది. "మెల్లగ. లోపట జంటగున్నయి."

సాయిచంద్ చేతిలో డబ్బా కింద పడింది. తలుపు తన్నాడు.

గాజు లోపల అంతా ఎర్రగా పూసుకుని ఉంది. తువ్వాల నలిగి ఒక మూలన ముద్దయింది. అదీ ఎర్రనే. బంగారి నల్లోడి మెడ వెనక పళ్లు దించి, ఒళ్లు మెలితిప్పుతోంది. మెలిపడినప్పుడల్లా నల్లోడి చర్మం గీతలా చీలి, లోపలి తెల్లని కండ బయటపడుతోంది. నల్లోడు తోకతో గాజును కొడుతున్నాడు. ఎల్లేశం విన్న చప్పుడు అదే.

సాయిచంద్ నీళ్ల సీసా మూత పీకి రెండింటి తలల మీద పోశాడు. పట్టు సడలలేదు. చేతులు లోపల పెట్టి దవడల దగ్గర పట్టుకున్నాడు. బంగారి నల్లోడిని విడిచి అతని మణికట్టును పట్టింది. అతను అరవలేదు. పళ్లు వెనక్కి వంగి ఉంటాయి కాబట్టి లాగలేదు కూడా. అదే వదిలేదాకా ఓర్చుకుని నిలబడ్డాడు. వదిలాక నల్లోడిని ఎత్తి డబ్బాలో పెట్టి మూత వేశాడు. అతని మోచేతి దాకా నెత్తురు, కొంత అతనిది, కొంత పాముది.

చప్పుడు విని మధుకర్ పైకి ఉరికి వచ్చాడు. "ఏమైంది?"

సాయిచంద్ గోడకున్న పాముల కొక్కెం తీశాడు. ఇనుప కడ్డీ. తిప్పి అన్న భుజం మీద వేశాడు.

"ఆడదా? గిది ఆడదా? చెప్పు!"

"ఆడదేరా! ఆడదే!" మధుకర్ భుజం పట్టుకుని అరిచాడు. "నీ ముందరనే చూపిస్త!"

గాజుపెట్టెలోకి వంగి బంగారిని తోక పట్టి బయటికి లాగాడు. నేలకేసి, మోకాలు దాని నడుం మీద ఆనించి నొక్కాడు. జేబులోని పెన్ను తీసి, పళ్లతో పట్టి రీఫిల్ ఊడబెరికి, డాక్టరమ్మ సలాకలా దాని తోక మొదట్లోకి గురిపెట్టాడు. పాము నోరు తెరిచి గాలిని కరిచింది. దాని కింది పొలుసులు మోకాలి దగ్గర పైకి లేచాయి.

"వద్దన్నా! లోపట చినిగిపోతది! చస్తది!"

"చస్తె చావనీ! నా మాట తప్పయితదా?"

కడ్డీ మళ్లీ దిగింది. ఈసారి నుదుటి మీద. మధుకర్ కళ్లలోకి నెత్తురు కారింది. పామును వదలకుండానే లేచి తమ్ముడి కడుపులో తలతో గుద్దాడు. ఇద్దరూ పోయి గాజుపెట్టె మీద పడ్డారు. గాజు పగిలింది. పాము చేజారి నేల మీద పడింది. మధుకర్ చేతికి కత్తంత పెంకు దొరికింది. సాయిచంద్ మెడ నరం ఉబ్బి ఉంది. ఆ నరం మీద పెంకు మొన ఆనడం ఎల్లేశం చూశాడు.

అతను పోయి ఆ పెంకును ఒట్టి చేత్తో పట్టుకున్నాడు. గట్టిగా పట్టుకున్నాడు. మధుకర్ లాగితే అరచెయ్యి తెగింది. అయినా వదల్లేదు. వేళ్ల సందుల్లోంచి నెత్తురు కారి సాయిచంద్ మెడ మీద పడింది.

"నాయినా, వదులు!" అన్నాడు మధుకర్.

ఎల్లేశం కళ్లలోకి చూశాడు గానీ వదల్లేదు. ముందు మధుకర్ వేళ్లే సడలాయి.

మధుకర్ వెనకనే పైకి వచ్చి గుమ్మంలోంచి అంతా చూసిన పింకీ అప్పుడు కదిలింది. డ్రమ్ములోంచి బక్కెట్ నీళ్లు ముంచి ముగ్గురి మీదా పోసింది. నేల మీద దొర్లిన రీఫిల్‌ను ఏరి పిట్టగోడ అవతలికి విసిరింది.

"పాము ఆడదైతే ఏంది, మగదైతే ఏంది?" ఆమె బక్కెట్‌ను నేలకేసింది. "మీరిద్దరు మనుషులేనా అన్నది చూడాలె ముందుగాల. దాని మీద కూసుంటవా? మోకాలు పెట్టి? సిగ్గనిపిస్తలేదా?"

ఆమె ఎప్పుడూ పామును ముట్టలేదు. వంగి రెండు చేతులూ బంగారి కింద పెట్టి, ఎక్కడా నొక్కకుండా ఎత్తింది. అది ఆమె మోచేతికి చుట్టుకుని ఊరుకుంది. కిష్టమ్మ గుమ్మం దగ్గర నిలబడి ఎర్రబడిన తువ్వాలనే చూస్తోంది.

ఆటోలో అన్నదమ్ములు చెరో అంచున కూర్చున్నారు. ఒళ్లో చెరో డబ్బా. నడుమ ఎల్లేశం, చేతికి పింకీ చున్నీ చుట్టుకుని. లింగంపల్లి స్టేషన్ దాటింది. ఆటో డ్రైవర్ అద్దంలో చూసి చూసి, "యాక్సిడెంటా పెద్దాయనా?" అని అడిగాడు. ఎల్లేశం తల ఊపాడు.

జంతువుల దవాఖానలో డాక్టర్ ఉమాశ్రీ వాళ్లను చూడగానే కుర్చీలోంచి లేచింది. కోస్తా వైపు మనిషి, మాట నెమ్మది.

"ముందు మీరు పక్క క్లినిక్కుకి వెళ్లండి. మనుషులకి నేను కుట్లు వెయ్యకూడదండి. వీటిని నేను చూస్తాను."

వాళ్లు కట్లు కట్టించుకుని వచ్చేసరికి నల్లోడికి మత్తిచ్చి, మెడ నుంచి వీపు దాకా కుట్టింది. బతుకుతుందా అని సాయిచంద్ అడిగాడు.

"ఇప్పుడే చెప్పలేనండి. కండ దాకా తెగింది. చీము పట్టకపోతే బతుకుతుంది. దీన్ని ఇవాళ ఇంకేం చెయ్యను. దీని కుబుసం తెచ్చారా?"

ఆమె ఫోన్‌లో చెప్పినట్టే సాయిచంద్ తెచ్చాడు. మడత పెట్టిన కుబుసాన్ని జేబులోంచి తీశాడు. ఆమె తోక వైపు తుంచి, నీళ్లలో నానబెట్టి, పట్టకారుతో మెల్లగా విప్పింది. తోక మొదట్లో చిన్న చేతి తొడుగుకు రెండు వేళ్లున్నట్టు, పలచని తిత్తులు రెండు కనిపించాయి.

"ఇది మగది. చూశారా, పాముని ముట్టుకోకుండానే తెలిసింది. అన్నింటికీ ఇంత బాగా రాదు కానీ, వస్తే ఇంతకన్నా మంచి దారి లేదండి."

బంగారిని అప్పటిదాకా వెచ్చని పెట్టెలో గుడ్డ కప్పి ఉంచింది. పొలుసులు చూసింది, ఒళ్లంతా వేళ్లతో తడిమింది. ఎముక విరగలేదంది. "పైగాయాలే. ఊపిరి మామూలైంది. ఇప్పుడు చూడొచ్చు. ఒకళ్లు తల, ఒకళ్లు నడుము పట్టుకోవాలి. ఎవరు పట్టుకుంటారు?"

అన్నదమ్ములు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ఇద్దరూ ముందుకు వచ్చారు. సాయిచంద్ తల పట్టుకున్నాడు. మధుకర్ నడుము కింద చేతులు పెట్టాడు. ఇందాక మోకాలు ఆనించిన చోటే.

"నొక్కకండి. కింద నుంచి మోయండి అంతే. అది కదిలితే మీరూ కదలండి, ఆపకండి."

మధుకర్ పాము అటు జరిగితే చేతులు అటు జరిపాడు. డాక్టరు గుండ్రటి మొన ఉన్న సన్నని స్టీలు సలాకను కడిగి, జెల్ రాసి, తోక చివరి వైపుగా, పక్కన మెల్లగా ఆనించింది. తొయ్యలేదు. వేళ్ల మధ్య కొంచెం తిప్పుతూ దాని దారిన దాన్ని పోనిచ్చింది. అడ్డం తగిలినట్టుంటే ఆగింది. పాము వదులయ్యాక మళ్లీ. ఇంక పోదని తెలియగానే బొటనవేలితో గుర్తు పట్టి సలాకను తీసేసింది. తోక పక్కన ఆనించి చూపించింది.

"ఆడదైతే మొదట్లోనే ఆగిపోతుంది. ఇది ఇంత లోపలికి పోయింది. ఇదీ మగదేనండి."

మధుకర్ తల ఎత్తలేదు. సాయిచంద్ 'చెప్పిన గద' అనలేదు.

"ఆ రీఫిల్ పెట్టి ఉంటే లోపల చిరిగి చచ్చిపోయేది," అంది ఆమె. సాయిచంద్ ఆమెకు అంతా చెప్పినట్టున్నాడు. "పాము పిల్లల్ని ఒత్తి చూసేదీ అంతేనండి. చెయ్యి తిరిగిన వాళ్లకే వదిలెయ్యాలి."

ఎల్లేశం గొంతు సవరించుకున్నాడు. అంతసేపటికి అదే అతని మొదటి మాట. "డాక్టరమ్మా, చేన్ల జెర్రిపోతులు లేచి నిలబడి పెనేసుకుంటయి గద. గవి?"

"అవీ రెండూ మగవేనండి. చాలామంది జత కట్టాయనుకుంటారు. జత కట్టేటప్పుడు నేల మీద పడుకుని, చప్పుడు లేకుండా ఉంటాయి. లేచి నిలబడ్డాయంటే అది కుస్తీ. ఒకదాన్నొకటి కిందికి అణచాలని చూస్తాయి."

ఎల్లేశం చాలాసేపు ఆ సలాకనే చూశాడు.

"మరి చచ్చినవి ఎన్నడు చూడలే నేను."

"చావవు. ఓడిపోయింది పొదలోకి వెళ్లిపోతుంది. దానికి వెళ్లడానికి చేనంతా ఉంటుంది కదండి. వీటికి గాజుపెట్టె." ఆమె చేతులు కడుక్కుంటూ అంది. "వేరే పెట్టెలు చాలవు. వేరే గదులు ఉండాలి. ఒకదాని వాసన ఒకదానికి తగలకూడదు."

బయటికి వచ్చేసరికి మబ్బు ఇంకా విడలేదు. టవర్లలో కింది సగం దీపాలు వెలిగాయి. ఆటో కోసం నిలబడినప్పుడు ఎల్లేశం మధుకర్ వైపు తిరిగాడు.

"లింగంపల్లిల ఇల్లు చూస్కో."

మధుకర్‌కు అర్థం కాలేదు. "నాయినా?"

"పింకికి షాపు దగ్గరైతది. దీన్ని," అంటూ బంగారి డబ్బా వైపు గడ్డం చూపించాడు, "నువ్వు తీస్కపో. సాది చూడు. తెల్వకపోతే తమ్మున్ని ఫోన్ల అడుగు."

"నన్ను ఎళ్లగొడ్తున్నవా?"

ఎల్లేశం తల అడ్డంగా ఊపాడు.  కట్టు కట్టిన చేతిని పెద్దోడి భుజం మీద, కడ్డీ దెబ్బ తగలని వైపు, పెట్టి తీశాడు. సాయిచంద్ తన డబ్బాను చంకలో సర్దుకుని, అన్న చేతిలోని డబ్బా మూత సరిగ్గా పడిందో లేదో వేలితో నొక్కి చూశాడు.

ఇంటికి చేరేసరికి పింకీ మిద్దె గది కడిగి ఉంచింది. గాజు పెంకులు గోనెసంచిలో ఉన్నాయి. నల్లోడిని మిద్దె మీద, బంగారిని కింద బియ్యం గదిలో పెట్టారు. ఎల్లేశం కిష్టమ్మను పక్కకు పిలిచి, చేను గట్టున చూసినవీ రెండూ మగపాములేనని రెండు ముక్కల్లో చెప్పాడు. ఆమె నమ్మనట్టు చూసింది. తర్వాత పోయి పెట్టె తెరిచింది. అడుగున ఉన్న పాత తువ్వాలను తీసి మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చుంది. నలిగి, పసుపెక్కి, మడతల దగ్గర పిగిలి ఉంది. ఆమె దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. తిరిగి పెట్టెలో పెట్టలేదు, భుజాన వేసుకుంది.

అన్నం కుండ దించే వేళకు మసిగుడ్డ దొరకలేదు. భుజం మీదున్న ఆ తువ్వాలతోనే కుండను పట్టి దించింది.

చాప పరిచారు. సాయిచంద్ వచ్చి కూర్చున్నాడు. మధుకర్ వచ్చాడు. గుమ్మంలో ఆగాడు. సాయిచంద్ లేవలేదు. మధుకర్ కూర్చున్నాడు. కిష్టమ్మ కూరను ఒక్కసారే వేడి చేసింది. మటన్, జొన్నరొట్టె, అన్నం. పింకీ తన కంచం కూడా తెచ్చుకుని అత్త పక్కన కూర్చుంది.

ఎల్లేశం కుడిచెయ్యి కట్టులో ఉంది. కంచం ముందు ఊరికే కూర్చున్నాడు. మధుకర్ ఆ కంచాన్ని తన వైపు లాక్కుని, రొట్టె తుంచి, కూరలో నానబెట్టి, అన్నం కలిపి తిరిగి తోశాడు. సాయిచంద్ లేచి పోయి ఒక చెంచా తెచ్చి అందులో గుచ్చాడు.

ఎల్లేశం ఎడమచేత్తో చెంచా పట్టుకుని తిన్నాడు. నుదుటి కట్టు మీద నెత్తురు చుక్క ఉబ్బి ఉన్న పెద్దోడిని, మణికట్టు వాచి వేళ్లు సరిగ్గా మడవలేని చిన్నోడిని చూస్తూ తిన్నాడు.  ఎముకలు కంచం అంచున పెడుతున్న చప్పుడు, పింకీ నీళ్లు పోస్తున్న చప్పుడు. కిష్టమ్మ ఇంకొంచెం అన్నం తెచ్చి అందరికీ వడ్డించింది. వద్దని ఎవరూ చెయ్యి అడ్డం పెట్టలేదు.